ప్రీపేమెంట్ మీటరుతో బాకీ తీరుస్తున్నాం, కానీ ఇంటికి తాళం వేసి ఊరెళ్తే?

ప్రీపేమెంట్ మీటరు, అంటే ముందు డబ్బు వేసుకుని తర్వాత కరెంటు వాడుకునే మీటరు, దాని గురించి ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఒక్కటే. ఎమర్జెన్సీ క్రెడిట్ (వేసిన డబ్బు అయిపోతే మీటరు ఇచ్చే చిన్న అప్పు) ఉంది కదా అని ధీమాగా ఉండకండి. మాకప్పుడున్న కీ మీటరులో (షాపులో కీ మీద డబ్బు వేయించుకొచ్చి మీటర్లో పెట్టే రకం) అది దానంతట అది వచ్చేది కాదు. ఇంట్లో మనిషి ఉండి మీటర్లో కీ పెడితేనే వచ్చేది. ఈ ఏర్పాటు మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు.

మేముండేది ఇంగ్లండ్‌లోని స్లౌలో. అద్దె ఫ్లాటు, గ్యాస్ లేదు, హీటింగుతో సహా అంతా కరెంటే. 2022 చలికాలంలో రేట్లు ఎలా పెరిగాయో ఇక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ప్రభుత్వం ఇచ్చిన 400 పౌండ్ల సాయం పోను 900 పౌండ్ల బాకీ తేలింది. వారానికి 8 పౌండ్లు బాకీ కింద పట్టుకునేలా ప్రీపేమెంట్ మీటరు పెడతామని కంపెనీవాళ్లంటే, 2023 ఏప్రిల్‌లో సరేనన్నాం.

బాకీ మటుకు తగ్గింది, అది ఒప్పుకోవాలి. ఉత్తరాలు ఆగిపోయాయి, ఫోన్లు ఆగిపోయాయి. మీటరు మీదున్న నీలం బటన్ నొక్కుతూ పోతే ఎంత మిగిలింది, బాకీ ఎంతుంది, వారానికి ఎంత పోతోంది అన్నీ వరసగా కనిపిస్తాయి. ఆదివారం పూట మావారు ఆ అంకె పైకి చదువుతుంటే మనసుకి ఎంత తేలిగ్గా ఉండేదో! రాత్రిపూట క్రెడిట్ అయిపోయినా పొద్దున దాకా కరెంటు తియ్యదు. అదీ మంచిదే. తెలిసిన తెలుగువాళ్లు ఇద్దరు ముగ్గురికి నేనే చెప్పాను, బాకీతో టెన్షన్ పడేకన్నా ఇది పెట్టించుకోండి అని. ఆ మాట వెనక్కి తీసుకోను. కాకపోతే దాని పక్కన ఇంకో మాట చేర్చాలి.

2024 వేసవి సెలవులకి పిల్లలతో విజయవాడ వెళ్లాం. స్కూళ్లకి సెలవులిచ్చిన వెంటనే వెళ్లి, ఆగస్టు చివర్లో రావడం. వెళ్లేముందు కంపెనీకి ఫోన్ చేసి, ఫ్రిజ్ ఒక్కటే నడుస్తుంది, ఎంత వేసి వెళ్లాలి అని అడిగాను. ఆ అమ్మాయి లెక్క చూసి, 50 వేస్తే బోలెడు, అంది. యాభై వేసి, కీ పర్సులో పెట్టుకుని వెళ్లాం.

తిరిగొచ్చి తలుపు తీసేసరికి రాత్రి పది దాటింది. స్విచ్ వేస్తే లైటు వెలగలేదు. కానీ దానికన్నా ముందే వాసన చెప్పింది. ఫోన్ లైటు వేసుకుని వంటింట్లోకి వెళ్తే ఫ్రీజరు కింద నుంచి ఏదో జిడ్డుగా కారి, నేల మీద ఎండి చారలు కట్టింది. కొరమీను ముక్కలు, తురిమి పెట్టుకున్న కొబ్బరి, అత్తయ్య ఎండబెట్టి పంపితే జాగ్రత్తగా దాచిన రొయ్యలు, చిన్నదానికి మందుల కోసం కొన్న ఐస్ ప్యాకులు, అన్నీ ఒకే ముద్ద. పిల్లలు సూట్‌కేసుల మీదే నిద్రపోయారు.

మావారు హాల్లో అల్మరా తెరిచి, మీటర్లో కీ పెట్టారు. టక్కున లైట్లు వెలిగాయి! ఎమర్జెన్సీ క్రెడిట్ 10 పౌండ్లు మొత్తం అలాగే ఉంది, ఒక్క పెన్నీ వాడలేదు. అంటే మాకోసం పెట్టిన డబ్బు మీటర్లో ఉండగానే ఫ్రిజ్ ఆగిపోయింది. నన్ను బాధపెట్టింది అదే.

ఆ రాత్రి నేల తుడిచి, కాగితం మీద లెక్క వేశాను. కరెంటు వాడినా వాడకపోయినా స్టాండింగ్ చార్జ్ రోజుకి 60 పెన్నీల చొప్పున వారానికి నాలుగు పౌండ్ల పైన. బాకీ కింద 8. ఫ్రిజ్ తాగింది వారానికి పౌండున్నర. మేం వేసిన యాభైలో ఫ్రిజ్ వాటా ఎంతో మీరే చూడండి. మూడున్నర వారాలకే అయిపోయింది. ఫోన్లో ఆ అమ్మాయి ఫ్రిజ్ లెక్క మాత్రమే చెప్పింది. మన దగ్గర బిల్లు కట్టకపోతే లైన్‌మన్ వస్తాడు, పక్కింటివాళ్లు కనీసం ఫోన్ చేసి చెప్తారు. ఇక్కడ మీటరు ఎవరికీ చెప్పకుండా తన పని తాను చేసుకుపోతుంది.

మర్నాడు మూలనున్న షాపులో 20 వేయించాం. వాడిన ఎమర్జెన్సీ, పేరుకుపోయిన స్టాండింగ్ చార్జ్, ఆగిన బాకీ వాయిదాలు అన్నీ అందులోంచే పోయి, చేతికి చిల్లర మిగిలింది.

తర్వాత కంపెనీతో గట్టిగా మాట్లాడాను. వాయిదా ఎంతో నిర్ణయించేముందు ఇంటివాళ్లు ఎంత కట్టగలరో చూడాలని ఆఫ్‌జెమ్ (ఇక్కడ కరెంటు, గ్యాస్ కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ) నిబంధన ఉంది. ఆ మాట ఎత్తేసరికి వారానికి 5కి తగ్గించారు. ఈ సంగతి మొదట్లోనే తెలిసుంటే ఎంత బావుండేదో. మీకు బాకీ ఉంటే ఇది తప్పకుండా అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్పరు. కొన్నాళ్లకి కీ మీటరు తీసి స్మార్ట్ మీటరు పెట్టారు. ఇప్పుడు ఎంత మిగిలిందో ఫోన్లో చూసుకుని, విజయవాడలో కూర్చునే టాప్-అప్ చెయ్యొచ్చు. ఎమర్జెన్సీ క్రెడిట్ మాత్రం ఇప్పటికీ మనమే నొక్కి తీసుకోవాలి.

పెట్టించుకోవాలా అంటే, మీ పరిస్థితిని బట్టి. ప్రీపేమెంట్‌కి డైరెక్ట్ డెబిట్ (బిల్లు బ్యాంకు ఖాతాలోంచి దానంతట అదే కట్ అయ్యే పద్ధతి) కన్నా ఎక్కువ రేటు పడటం 2023 జూలై నుంచి పోయింది కాబట్టి, ఆ భయం అక్కర్లేదు. మా ఇంట్లో ఇద్దరం సంపాదిస్తాం, జీతం నెలకోసారి వస్తుంది, షాపు రెండు నిమిషాల నడక. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్లకి బాకీ తీర్చడానికి ఇది పనికొస్తుంది. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టుకోవాల్సినవాళ్లకీ, ఏటా ఇండియా వెళ్లి నెలల తరబడి ఉండే పెద్దవాళ్లకీ మాత్రం నేను చెప్పను.

మా బాకీ దాదాపు తీరవచ్చింది. తీరగానే డైరెక్ట్ డెబిట్‌కి మారిపోదామని మావారు, ఎంత వాడుతున్నామో కళ్లకి కనిపిస్తోంది కాబట్టి ఇదే ఉంచుదామని నేను. ఇంకా తేల్చుకోలేదు. ఈసారి టికెట్లు బుక్ చేసేముందే, మేం ఊళ్లో లేని వారాలకి వాయిదా ఆపమని కంపెనీని రాతపూర్వకంగా అడగబోతున్నాను.