గండికోట గాలిలో టార్పాలిన్ కింద ఒక రాత్రి

గండికోటలో గుడారం అనగానే అందరూ ముందు అడిగేది పెన్నా లోయ ఎంత దగ్గరగా కనిపిస్తుందనే. నేనైతే గాలి ఎటు నుంచి వస్తోందో చూస్తాను. లోయ అంచున గాలికి అడ్డమంటూ ఏదీ ఉండదు. కాస్త వెనక్కి, ఏ గట్టు చాటునో పడుకుంటే నిద్రైనా పడుతుంది. లోయ ఎక్కడికీ పోదు కదా!

జమ్మలమడుగు నుంచి కోట పదిహేను కిలోమీటర్లే. ఆటో మాట్లాడుకోవడం నయం. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే టూరిజం వాళ్ల హరిత హోటల్లో గది ముందే బుక్ చేసుకోండి. అద్దె గుడారాలూ దొరుకుతాయి కానీ, డబ్బులిచ్చే ముందు తాళ్లన్నీ కట్టారో లేదో లాగి చూడండి. మా పక్క గుడారానికి తాళ్లు సంచిలోనే ఉండిపోయాయి, తలుపేమో గాలికి ఎదురుగా పెట్టారు. అర్ధరాత్రి అందులోవాళ్లు దుప్పట్లతో సహా మా దగ్గరికి వచ్చేశారు.

మాది వడ్లు ఆరబోసుకునే మామూలు టార్పాలిన్. అక్కడంతా రాతినేల, మేకు బెత్తెడు కూడా దిగదు. అందుకని తాడు చివర చిన్న రాయి కట్టి, దానికి ముందు తాడు మీద పెద్ద బండ పెట్టాం. గాలి లాగేకొద్దీ చిన్నరాయి బండ వెనక ఇరుక్కుని తాడు ఇంకా బిగుస్తుంది. (కోట శిథిలాల్లో రాళ్లు మాత్రం ముట్టుకోవద్దు.) టార్పాలిన్ అంచు రింగులకు నేరుగా కడితే మొదట చిరిగేది అక్కడే. గులకరాయిని పట్టా మడతలో పెట్టి, పైనుంచి దాని మెడకు తాడు బిగిస్తే ఆ భయం లేదు.

గాలి వచ్చే వైపు అంచును నేలకు ఆనించి పొడవునా రాళ్లు పేర్చాం. అవతలి వైపు రెండు కర్రల మీద నడుమెత్తుకు మించి లేపలేదు. లోపల కూర్చోవడమే, నిలబడటం కుదరదు. పట్టా పటపటా కొట్టుకుంటోందంటే ఎక్కడో తాడు వదులైనట్టే. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది కాబట్టి, మంచు పడ్డాక లేచి మళ్లీ బిగించాల్సిందే.

అద్దె గుడారం ప్యాకేజీలో చలిమంట ఉన్నా, గాలి రాత్రి వద్దనండి. ఒక్క నిప్పురవ్వ పడితే పట్టాకు కన్నమే. జూన్, జులైలో నైరుతి గాలి జోరుగా ఉన్నప్పుడు వెళ్తే నేనూ గదే తీసుకుంటాను. పొద్దున్నే నడిచి వెళ్లి లోయ చూడొచ్చు.