సగం ధరకు స్టాంపులంటే ఆశపడకండి, శుభలేఖలు పంపేవాళ్ళు ముఖ్యంగా

పెళ్ళిళ్ళ రోజులు కాబట్టి ఇది వెంటనే రాస్తున్నా.

మా చెల్లెలి పెళ్ళి శుభలేఖల కోసం ఆన్‌లైన్‌లో 5 రూపాయల స్టాంపులు 500 కొన్నాను. 2,500 రూపాయల విలువైనవి 1,300కే ఇస్తానన్నాడు. 'ఒక శుభలేఖకు ఒక స్టాంపు చాలు' అని కూడా అక్కడే రాసిపెట్టాడు. నమ్మి, దూరపు ఊళ్ళవి 40 కవర్లకు అంటించి ఎర్ర డబ్బాలో వేసేశాను.

వారం తిరక్కుండా పెద్ద మేనమామ ఫోను. "ఒరేయ్, శుభలేఖ బేరింగ్ వచ్చిందిరా, పది రూపాయలు కట్టి తీసుకున్నా." ఆయన కోపంగా కూడా అనలేదు. నాకే తల కొట్టేసినట్టయింది. నాలుగు మూలలా పసుపు రాసి, అందరికంటే ముందు పంపిన శుభలేఖ అది.

సంగతేమిటంటే, మామూలు ఉత్తరానికి 5 రూపాయలు 20 గ్రాముల వరకే. ఆపైన ప్రతి 20 గ్రాములకూ ఇంకో 5. మా శుభలేఖ కవరుతో కలిపి 34 గ్రాములు తూగింది. అంటే 10 రూపాయల స్టాంపులు పడాలి. తక్కువైన 5కి రెట్టింపు, అందుకునేవాళ్ళ దగ్గర వసూలు చేస్తారు. బేరింగ్ అంటే అదే.

మిగతా కవర్లకు రెండేసి అంటించి పోస్టాఫీసుకు తీసుకెళ్ళాను. అసలు మోసం అక్కడ బయటపడింది. పోస్టుమాస్టరు గారు ఒక కవరు వెలుతురులో ఏటవాలుగా పట్టి చూపించారు. బొమ్మ అంచున సన్నగా, వంపు తిరిగిన నల్లటి చార. తేదీ ముద్ర తాలూకు మిగులు. అంటించని స్టాంపు తిరగేస్తే వెనక కాగితం నూగులేచి, కుంచెతో పూసినట్టు జిగురు. తర్వాత సొరుగులోంచి కొత్త షీటు తీసి పక్కన పెట్టారు. అందులో స్టాంపులన్నీ చిల్లుల వరసలతో ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. నాకొచ్చినవి 500కి 500 విడి బిళ్ళలే. "ఇవి కడిగిన బిళ్ళలు బాబూ. తెలిసి వాడితే కేసవుతుంది" అన్నారు. అంటే ఒకసారి వాడేసిన స్టాంపుల మీది ముద్ర కడిగేసి, మళ్ళీ జిగురు పూసి అమ్మినవన్నమాట.

స్టాంపు మీద ఎంత ఉంటే పోస్టాఫీసులో అంతకే అమ్ముతారు. సగానికి సగం తగ్గించి ఇచ్చేవాడికి అవి ఎక్కడివి? కొనేముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకోవాల్సింది. అమ్మినవాడిని అడిగితే 'ప్యాకెట్ విప్పారు, వాపసు లేదు' అన్నాడు.

అతని దగ్గరే 'రిజిస్టర్డ్ పోస్టు స్టాంపుల సెట్టు' కూడా చూశాను. దాని జోలికీ పోకండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు, పాత లెక్క ఇప్పుడు పనికిరాదు.

శుభలేఖలు అచ్చయ్యాక ఒకటి కవరులో పెట్టి, పసుపు కూడా రాసి, పోస్టాఫీసు కాటాలో తూయించండి. ఎంత పడుతుందో అక్కడే చెబుతారు. స్టాంపులూ అక్కడే కొనండి. వందల్లో ఉంటే ఫ్రాంకింగ్ (స్టాంపుకు బదులు మెషీన్‌తో ముద్ర వేయడం) కుదురుతుందేమో అడగండి, అంటించే పని కూడా తప్పుతుంది.

ఇప్పటికే ఇలాంటివి కొని ఉంటే ఒక్కటి కూడా అంటించకండి. ప్యాకెట్, బిల్లు, అతను పెట్టిన మెసేజ్‌లు దాచి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. నేను ఫిర్యాదు నమోదు చేయించాను. శుభలేఖలు మాత్రం కొత్త స్టాంపులతో మళ్ళీ పంపాల్సి వచ్చింది.