యోమన్‌తో రాసుకున్న సొంత జనరేటర్: ఏళ్ల వాడకం తర్వాత

కొత్త సర్వీసు మొదలుపెట్టిన ప్రతిసారీ పాత ప్రాజెక్టును కాపీ చేసి, పేర్లు మార్చుకుంటూ కూర్చునే పద్ధతికి స్వస్తి చెప్పాలని మా బృందం యోమన్ అనే సాధనంతో సొంత జనరేటర్‌ను, అంటే కొత్త ప్రాజెక్టుకు కావలసిన తొలి ఫైళ్లను తయారుచేసిపెట్టే ప్రోగ్రామును, రాసుకుంది. ఏళ్ల తరబడి దాన్నే వాడుతున్నాం. 2012లో వెలువడిన ఈ సాధనం చుట్టూ ఒకప్పటి సందడి ఇప్పుడు లేకపోయినా, జనరేటర్ రాసేవారికి ఇది గట్టి పునాది అనే నా అభిప్రాయం.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఇది ఫైళ్లను రాసే తీరు. టెంప్లేట్ల (మార్చాల్సిన చోట్లు ఖాళీగా ఉంచిన నమూనా ఫైళ్ల) నుంచి తయారైన కోడ్ నేరుగా డిస్కు మీదికి వెళ్లదు. ముందు మెమరీలో ఉంటుంది. అదే పేరుతో వేరే ఫైలు అక్కడ ఇదివరకే ఉంటే, మార్చాలో వదిలేయాలో అడిగి, కావాలంటే రెండింటి తేడా కూడా చూపించి, ఆ తర్వాతే రాస్తుంది. నడుస్తున్న ప్రాజెక్టులో జనరేటర్‌ను మళ్లీ నడిపే ధైర్యం మాకు దీనివల్లే వచ్చింది. పైగా దశలన్నీ నిర్ణీత వరుసలో సాగుతాయి కాబట్టి, ఒక జనరేటర్‌కు మరొకదాన్ని జోడించినా వాడేవారిని ఆ రెండూ అడిగే ప్రశ్నలు పూర్తయ్యాకే ఫైళ్లు రాయడం మొదలవుతుంది.

టెంప్లేట్లు రాయడానికి వాడే ఈజేఎస్ అనే భాషతో మాత్రం జాగ్రత్త అవసరం. సమాన చిహ్నమున్న దాని మామూలు ట్యాగు వెబ్ పేజీల కోసం ఉద్దేశించింది కనుక కొన్ని గుర్తులను వెబ్ సంకేతాలుగా మార్చేస్తుంది; అందుకే ప్రాజెక్టు వివరణలో అపాస్ట్రఫీ ఉంటే రీడ్‌మీలో దాని స్థానంలో 39 అంకెతో కూడిన గుర్తుల గుంపు ప్రత్యక్షమవుతుంది. కోడ్ పుట్టించేటప్పుడు విలువను ఉన్నదున్నట్టు రాసే, హైఫన్ ఉన్న ట్యాగే వాడాలి.

అసలు లోటు ప్రాజెక్టు పుట్టిన తర్వాత తెలుస్తుంది. టెంప్లేటును ఎంత మెరుగుపరిచినా, అంతకుముందు తయారైన అప్లికేషన్లకు ఆ మార్పు దానంతటదే చేరదు. మళ్లీ నడిపితే ఫైలు మొత్తం మార్చాలా వద్దా అన్న ప్రశ్నే తప్ప, డెవలపర్ చేతితో చేసిన సవరణలను కొత్త టెంప్లేటుతో కలిపే ఏర్పాటు లేదు. ఇలాంటిదే మరో సాధనమైన కాపియర్ అయితే పాత జవాబులనూ టెంప్లేటు వెర్షన్‌నూ గుర్తుంచుకుని ఈ పని చేసిపెడుతుంది. మేము మాత్రం టెంప్లేట్లను పలచన చేశాం: లాగింగ్, ఎర్రర్ల నిర్వహణ, బిల్డ్ సెట్టింగులు ఉమ్మడి ప్యాకేజీలోకి వెళ్లాయి, టెంప్లేటులో వాటిని పిలిచే వరుసలే మిగిలాయి. ఇప్పుడు లాగ్‌లో తేదీ రూపం మార్చాలంటే ప్రతి సర్వీసులోనూ ప్యాకేజీ వెర్షన్ పెంచితే చాలు.

కొత్తగా జనరేటర్ రాసేవారు, అది ఫైళ్లను పుట్టించిందా లేదా అన్నదానితో పరీక్షను ఆపకూడదు. మా పరీక్ష తాత్కాలిక ఫోల్డర్‌లో పూర్తి అప్లికేషన్‌ను తయారుచేసి, ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసి, దాన్ని బిల్డ్ కూడా చేస్తుంది. టెంప్లేటును ఎవరూ ముట్టుకోకపోయినా, డిపెండెన్సీల (ప్రాజెక్టు ఆధారపడే బయటి ప్యాకేజీల) కొత్త వెర్షన్ల వల్ల వచ్చే తేడాలు ముందుగా బయటపడేది అక్కడే.