నీళ్లలో కలిపి తాగే డెఫెరాసిరాక్స్ మాత్రలు, పది నెలలు వాడాక

5కి 4 ఇస్తున్నా. తగ్గించిన ఆ ఒక్కటీ రుచికి.

మా పాపకి ఆరేళ్లు, డైమండ్ బ్లాక్‌ఫాన్ అనీమియా. మూలుగలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మామూలుగానే తయారవుతాయి, ఎర్రకణాలు మాత్రం తయారుకావు. 1938లో బోస్టన్‌లో ఇద్దరు డాక్టర్లు దీని గురించి రాశారు, వాళ్ల పేర్లే దీనికి పెట్టారు, వజ్రాలతో ఏ సంబంధమూ లేదు (చాలామంది అడిగారు లెండి). స్టెరాయిడ్ మా పాపకి పనిచేయలేదు కాబట్టి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. ఒక్కో బ్యాగుతో సుమారు 200 మిల్లీగ్రాముల ఐరన్ లోపలికి పోతుంది, ఎక్కువైన దాన్ని బయటికి పంపే ఏర్పాటు ఒంట్లో లేదు, అది లివర్‌లో, గుండెలో పేరుకుంటుంది. ఈ మందు ఆ ఐరన్‌ని పట్టుకుని మలంతో బయటికి పంపుతుంది. రక్తం లేని పిల్లకి ఐరన్ తీసేసే మందేమిటని మా అత్తగారు ఇప్పటికీ ఖర్జూరాలు తెస్తూనే ఉన్నారు.

పనిచేస్తోందా అంటే చేస్తోంది. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ ఎంత పేరుకుందో చెప్పే రక్తపరీక్ష) 2,400 నుంచి 1,350కి దిగింది. రాత్రంతా పొట్టకి సూది గుచ్చి పంపుతో ఎక్కించే పాత మందు తప్పింది, అదే పెద్ద వరం.

కానీ పొద్దున్నే యుద్ధం. పరగడుపున తాగాలి, తర్వాత అరగంట దాకా ఏమీ పెట్టకూడదు, స్కూల్ బస్సేమో ఏడున్నరకి. మాత్ర పూర్తిగా కరగదు, ఎంత తిప్పినా సున్నపు నీళ్లలాగే ఉంటుంది. అడుగున మిగిలిన పిండిలో మళ్లీ కాసిని నీళ్లు పోసి తాగించాలి, లేకపోతే డోసు తగ్గిపోతుంది. కమలా రసంలో కలిపితే కాస్త నయం. పాలల్లో వద్దు.

ఒక్క జాగ్రత్త. ఒకసారి ఆన్‌లైన్ మందుల షాపు వాళ్లు ఇవి స్టాక్ లేవని, చెప్పకుండా మింగే రకం పంపారు, అడిగితే అదే మందు కదండీ అన్నారు. మందు అదే, డోసు లెక్క వేరు, మింగేవాటికి మిల్లీగ్రాములు తక్కువ సరిపోతాయి. డాక్టర్‌ని అడక్కుండా మార్చకండి. నెలనెలా క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసేది), లివర్ పరీక్షలు, ఏడాదికోసారి కళ్లు, చెవుల పరీక్ష, వీటి ఖర్చు కూడా మాత్రల ఖర్చులో కలిపి చూసుకోండి.

మింగే రకానికి మారదామా అని వచ్చే నెల డాక్టర్‌ని అడగబోతున్నాం, పాప ఇంకా మాత్ర మింగలేదు, జీడిపప్పు పలుకులతో ప్రాక్టీస్ చేయిస్తున్నా, నమిలి తినేస్తోంది.