అంటు కాక్టసా, సొంత వేరు కాక్టసా?

కడియం నర్సరీల్లో ముందు కళ్లు పడేది ఎర్ర, పసుపు గుండ్రటి తలల అంటు కాక్టస్ మీదే, అంటే ఒక కాక్టస్ కాండం మీద ఇంకో కాక్టస్ తలను అతికించినది. మా కాక్టస్ క్లబ్బులో కొత్తవాళ్ల సందేహమూ అదే: అంటుది కొనాలా, సొంత వేర్లదా?

ధర: ఎర్ర తల అంటు చవక. సొంత వేరు మీద పెరిగే ఆస్ట్రోఫైటమ్ (ఒక రకం కాక్టస్) ఆ సైజుకు రావాలంటే ఏళ్లు పడుతుంది, ఖరీదూ ఎక్కువే.

శ్రమ: అంటుది త్వరగా పెరుగుతుంది. రెండోదానికి ఓపిక కావాలి.

రిస్క్: మన డెల్టాలో అసలు గండం ఎండ కాదు, ముసురు. సొంత వేరుదాన్ని నల్లమట్టిలో పెడితే మొదలు కుళ్లిపోతుంది. ఒక్క వానాకాలంలో నావి రెండు అలాగే పోయాయి. ఇప్పుడు ముతక ఇసుక, పెంకు ముక్కలు ఎక్కువ కలిపి, రేకు కింద పెడుతున్నా. అంటుకు అడుగున ఉండేది డ్రాగన్ ఫ్రూట్ జాతి కాండం, తడిని కాస్త ఓర్చుకుంటుంది. కానీ ఎర్ర తలలో పత్రహరితం ఉండదు. కింది కాండం వండిపెడితేనే దానికి తిండి. కాండం పోతే తలా పోతుంది.

ప్రదర్శన: సహజమైన ఆకారం సొంత వేరుదే. పోటీకి పెట్టేటప్పుడు అంటుకు వేరే విభాగం ఉందేమో ముందే అడగండి.

బాల్కనీలో రంగు చాలనుకుంటే అంటు. వానకు తడవని చోటు, నాలుగైదేళ్ల ఓపిక ఉంటే, పోటీకి సొంత వేరుదే.