పొద్దున్నే ఇంజన్ వణికితే: థ్రాటిల్ క్లీనింగా, సెన్సర్ చెకింగా?

పొద్దున స్టార్ట్ చేయగానే పెట్రోల్ కారు వణుకుతుంది, ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) 500కి పడిపోతుంది, వేడెక్కాక మామూలే. చాలామంది మెకానిక్‌లు ముందు థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి వెళ్ళే గాలిని అదుపు చేసే భాగం) విప్పుతారు. అందులో తెరుచుకుని మూసుకునే ప్లేటు అంచున మసి పేరుకుంటే గాలి దారి ఇరుకవుతుంది, నిజమే. కానీ ఆ మసి వేడి ఇంజన్‌నీ ఇబ్బంది పెడుతుందిగా!

చల్లగా ఉన్నప్పుడే తేడా అయితే నా ఓటు కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) టెంపరేచర్ సెన్సర్‌కే. రాత్రంతా ఆగిన కారుకి స్కానర్ (సెన్సర్ల రీడింగులు చూపే పరికరం) పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేయండి. కూలెంట్, లోపలికొచ్చే గాలి రెండింటి ఉష్ణోగ్రతా దాదాపు ఒకటే చూపాలి. గాలి 22 డిగ్రీలుండి కూలెంట్ 70 చూపిస్తే సెన్సరో దాని వైరింగో పోయినట్టే. ఇంజన్ వేడిగా ఉందనుకుని ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) పెట్రోల్ తగ్గించేస్తోందన్నమాట. రీడింగులు సరిపోతే అప్పుడు థ్రాటిల్ విప్పండి. క్లీన్ చేశాక కొన్ని కార్లకు ఐడిల్ రీలెర్న్ (ఆగి ఉన్నప్పటి ఇంజన్ వేగాన్ని ఈసీయూకి మళ్ళీ నేర్పడం) కూడా చేయించాలి.