సీలెంట్ మీద మైనం: కొబ్బరి తోట పక్కన మూడేళ్లు

మాది రాజోలు దగ్గర ఊరు. ఎర్ర స్విఫ్ట్ ఉంది, షెడ్డు లేదు. కారు ఏడాది పొడుగునా కొబ్బరి చెట్ల పక్కనే ఉంటుంది. కొన్నప్పుడు షోరూమ్ వాళ్లు అంటగట్టిన కోటింగ్ మొదటి వానాకాలం కూడా దాటలేదు. ఆ కోపంతోనే మూడేళ్ల కిందట సొంతంగా వ్యాక్స్, అంటే మెరుపు మైనం, వేయడం మొదలుపెట్టాను.

కొబ్బరి చెట్టు కింద కారు అనగానే అందరూ కాయ పడుతుందేమో అంటారు. మా ఇంట్లో ఇంతవరకు కాయ పడలేదు, రోజూ పడేది జిగురు. 2016లో మన దేశంలో బయటపడిన సర్పిలాకార తెల్లదోమ ఇప్పుడు మా వైపు తోటల్లో పాతకాపు అయిపోయింది. ఆకు అడుగున చేరి రసం పీలుస్తూ, తేనెలాంటి జిగురు కిందకి వదులుతుంది. ఆ జిగురు మీద నల్లటి మసి బూజు పెరుగుతుంది. నాలుగు రోజులు కారు కదపకపోతే బానెట్ మీద వేలు అంటుకుంటుంది. రెండు వారాలైతే మసిగుడ్డ పరిచినట్టే.

మొదటి ఏడాది సంక్రాంతి వెళ్లాక బానెట్ మొత్తం కడిగి, క్లే బార్‌తో, అంటే పెయింట్‌కి అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి బంకముద్దతో, రుద్దాను. కడిగిన కారు మీద పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కున్న చేత్తో తడిమితే గరుకు ఎంతుందో తెలుస్తుంది. నాది ఉప్పు కాగితంలా ఉంది. క్లే తర్వాత గాజులా జారింది. ఆపైన జిడ్డు పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మాస్కింగ్ టేపుతో మూడు పట్టీలు చేశాను: ఒకదానికి కార్నోబా మైనం ఒక్కటే, ఒకదానికి సింథటిక్ సీలెంట్ (పెయింట్‌ని పట్టుకునే రసాయనాల పూత) ఒక్కటే, మధ్య పట్టీకి సీలెంట్ వేసి, ఒక రోజు ఆరనిచ్చి, దాని మీద కార్నోబా. డిక్కీ మీద మాత్రం తిరగేసి వేశాను, కింద మైనం, పైన సీలెంట్. పక్కింటి మావయ్యగారు గోడ మీంచి చూసి, "ఏరా అబ్బాయ్, పెళ్లికూతురికి నలుగు పెడుతున్నావా?" అన్నారు.

కార్నోబా ఒక్కటే వేసిన పట్టీ మొదటి వారం అన్నిటికంటే అందంగా ఉంది. ఎరుపు రంగుకి ఆ నిగారింపు సీలెంట్ ఇవ్వదు. బ్రెజిల్‌లో మన తాటాకు లాంటి విసనకర్ర ఆకుల మీంచి రాల్చే మైనం అది. కరగాలంటే 80 డిగ్రీలు దాటాలి. కానీ డబ్బాలో వచ్చేది ఒట్టి కార్నోబా కాదు, నూనెలూ, మైనాన్ని కరిగించే సాల్వెంట్లూ కలిసి ఉంటాయి. ఏప్రిల్ ఎండ మొదలయ్యేసరికి ఆ పట్టీ మీద నీళ్లు చుక్కలు కట్టడం మానేసి పరుచుకుపోయాయి. అంటే మూడు నెలలు కూడా ఆగలేదు.

సీలెంట్ పట్టీ జూన్ దాకా లాగింది. మధ్య పట్టీ జులై వానల్లో కూడా చేమాకు మీద నీళ్లలా చుక్కలు దొర్లించింది. అసలు తేడా జిగురు దగ్గర తెలిసింది. మధ్య పట్టీ మీది మసి షాంపూ నీళ్లకే జారిపోయింది, కార్నోబా పట్టీ మీద మూడుసార్లు నానబెట్టి రుద్దాల్సి వచ్చింది. డిక్కీ సంగతి చెప్పనక్కర్లేదు. సీలెంట్ పట్టుకోవాల్సింది పెయింట్‌ని, నేను మధ్యలో మైనం జిడ్డు పెట్టాను. పైన సీలెంట్ ఉన్నా అది ఒట్టి మైనం పట్టీతో పాటే పోయింది.

రెండో ఏడాది అత్యాశకి పోయి సీలెంట్ మీద నాలుగు పూతల మైనం వేశాను. చెయ్యి నొప్పి తప్ప మిగిలిందేం లేదు. కొత్త పూతలోని సాల్వెంటు కింది పూతని కొంత కరిగిస్తుంది కాబట్టి మందం ఎన్నిసార్లు వేసినా అంతంతే. సీలెంట్ రెండో పూతకి మాత్రం అర్థం ఉంది, మొదటిసారి గుడ్డ తగలని చోట్లు కవర్ అవుతాయి. ఇంకో తెలివితక్కువ పని కూడా చేశాను. మెరుపు తగ్గిందని పైన క్లీనర్ వ్యాక్స్ వాడాను. దాంట్లో సన్నటి రాపిడి పొడి ఉంటుంది. కష్టపడి వేసిన సీలెంట్‌ని నా చేత్తో నేనే గీకేసుకున్నాను.

ఇప్పుడు వ్యాక్స్ కంటే నీళ్ల మీదే నాకు పట్టింపు ఎక్కువ. మా బోరు నీళ్లు కాస్త ఉప్పన. ఎండలో కడిగి ఆరనిస్తే తెల్లమచ్చలు పడతాయి, కింద రెండు పూతలున్నా సరే. కాలవలు పారినన్నాళ్లు ఆ నీళ్లు రాత్రే బకెట్లలో తేర్చుకుని పొద్దున్నే కడుగుతాను. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు కడగడం బోరు నీళ్లతోనే, ఆఖరి తడుపు మాత్రం 20 లీటర్ల ఆర్వో టిన్ను. తాగే నీళ్లు కారుకి పోస్తున్నానని మా ఆవిడ సణుగుతుంది. ఆవిడ మాటా నిజమే, అందుకే సగం టిన్నుతో సరిపెడుతున్నాను. ఆ వెంటనే మైక్రోఫైబర్ టవల్‌తో అద్దుతాను, రుద్దను. రైస్ మిల్లు ఊక బూడిద పడిన రోజు మాత్రం పొడిగుడ్డ అసలు తగలనివ్వను, సన్నటి గీతలు పడతాయి.

ఏడాదికి రెండుసార్లు సీలెంట్, వేసవి ముందూ వానలు తగ్గాకా. మధ్యలో రెండు నెలలకోసారి చేతి గుడ్డతో పల్చగా కార్నోబా, అదీ నీడలో, బానెట్ చల్లబడ్డాక. దీపావళి ముందు వేసిన పూత ఇంకా చుక్కలు కడుతోంది. డిక్కీ అంచున పాత టేపు జిగురు గీత మాత్రం ఇప్పటికీ పోలేదు, మావయ్యగారు అది చూపించి మరీ నవ్వుతారు.